విరాళాలపైనే ఎంతకాలం?

అమెరికా సహాయ సంస్థ యుఎస్‌ఎయిడ్ 2025లో మూతపడింది. దాని నిధులతో కుటుంబ నియంత్రణ సేవలందించిన దక్షిణాసియా స్వచ్ఛంద సంస్థలకు సొంత ఆదాయం అనివార్యమైంది.

ఈ విషయంలో బంగ్లాదేశ్‌లోని సోషల్ మార్కెటింగ్ కంపెనీ అనుభవం గమనార్హం. 1974లో విదేశీ సహాయంతో ప్రాజెక్టుగా ప్రారంభమై, 1990లో లాభాపేక్షలేని కంపెనీగా మారిన ఈ సంస్థ గర్భనిరోధక మాత్రలు, కండోమ్‌లతోపాటు అతిసారానికి వాడే ఓఆర్‌ఎస్ పొట్లాలను సైతం చిల్లర దుకాణాల ద్వారా విక్రయిస్తున్నది. గిరాకీగల ఈ పొట్లాలపై వచ్చే మిగులే చౌకగా అమ్మే గర్భనిరోధక సాధనాలకు ఆసరా అయింది.

అంతేకాని, క్లినిక్ రుసుము పెంచడమే స్వావలంబన కాదు. కూలినాలి చేసుకునే స్త్రీ రుసుముకు జడిసి రావడం మానుకుంటే, ఖాతా పుస్తకంలో మిగులు కనిపించి ప్రయోజనమేమిటి? విరాళంలో కొంత మూలధనంగా నిలుపుకొనేందుకు దాతలే అనుమతించాలి. గడువులోగా పైసా మిగల్చకుండా ఖర్చు చేయాలనే షరతు విధిస్తూనే, సొంతకాళ్లపై నిలబడమనడం విడ్డూరం.