పాటకు ద్వారపాలకులు

ధ్వనిముద్రణ సంస్థలు కళకు ద్రోహం చేశాయని నేను అనను. 1902లో గ్రామఫోను కంపెనీ వారు కలకత్తాలో గౌహర్ జాన్ గాత్రాన్ని ముద్రించినది మొదలు, ఈ దేశపు సంగీతానికి వారు చేసిన ఉపకారం సామాన్యమైనది కాదు. 78 వేగపు పలకకు ఒక ముఖాన మూడు నిమిషాల కాలమే పట్టేది. రంగస్థలం మీద ఒక్క పద్యాన్ని తెల్లవార్లూ పాడమన్నా పాడగల నటులు, ఆ మూడు నిమిషాలకు తమ రాగాలాపనను కుదించుకొన్నారు. నాటకం చేరని ఊరికి కూడ పద్యం చేరింది.

నాడు ఆ సంస్థలు చేసిన పనులు నాలుగు: ముద్రించడం, ప్రతులు తీయడం, ఊరూరా చేర్చడం, అమ్మడం. అందుకు కర్మాగారం కావాలి, రైలుబండి కావాలి, దుకాణం కావాలి. అంత పెట్టుబడి పెట్టిన వానికి హక్కు ఉండటం న్యాయం. అంతర్జాలం వచ్చిన తరువాత ప్రతి తీయడానికి ఖర్చు లేదు, చేర్చడానికి దూరం లేదు. శ్రమ పోయింది, హక్కు మాత్రం మిగిలింది. కొన్ని సంస్థలు ఆ హక్కునే వృత్తిగా చేసుకొని వైకుంఠపు వాకిట జయవిజయులవలె నిలిచాయి.

నా అనుభవమే మనవి చేస్తాను. పాండవోద్యోగ విజయాలలోని పద్యమొకటి, హార్మోనియం కూడ లేకుండా, నా సొంత గొంతుతో చదివి పూర్వవిద్యార్థుల కోసం ఒక వీడియో వేదికలో ఉంచాను. గంట తిరగక మునుపే, అది ఫలానా సంస్థ సొత్తు అని తాఖీదు వచ్చింది. గొంతు నాది. రాగం పరంపరాగతం. ఇక పద్యమా? తిరుపతి వేంకట కవులలో చెళ్లపిళ్ల వారు 1950లో గతించారు. కర్త మరణానంతరం అరవై ఏండ్ల లెక్కన ఆ హక్కు 2010తో ముగిసింది. మరి వారి సొత్తు ఏది? యంత్రం పోలిక చూసింది, సంస్థ సంతకం పెట్టింది. విన్నవించుకొనడానికి ఎదుట మనిషి లేడు.

1957 నాటి చట్టం, 1992 సవరణ ప్రకారం, ధ్వనిముద్రికకు కూడ వెలువడిన ఏడాది తరువాత అరవై ఏండ్లే గడువు ఇచ్చింది. 1960లో వెలువడిన ముద్రికపై సంస్థ హక్కు 2020తో తీరిపోయింది. అయితే ఘంటసాల గారు పాడిన పుష్పవిలాపం ముద్రికకు గడువు తీరిన నాడు కూడ, 1992లో గతించిన కరుణశ్రీ గారి పద్యాలపై హక్కు 2052 దాకా నిలుస్తుంది. అది కవిది, కవి వారసులది. దానిని గౌరవించాలి. నేను దొంగతనాన్ని సమర్థించడం లేదు. కవి హక్కు వేరు, కంపెనీ హక్కు వేరు అంటున్నాను.

"మేము లేకపోతే ఈ పాటలే లేవు" అని వారి వాదన. నిన్నటి మాటగా అది నిజం. కాని అచ్చువేసినవానికి పుస్తకంపై శాశ్వతాధికారం ఉండదు గదా! పైగా పాత పలకలను తిరిగి విడుదల చేయరు, అభిమానులు చేస్తే అడ్డుతగులుతారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. ఇట్లా జనానికి అందకుండ చేసిన కృతి విషయంలో నిర్బంధ లైసెన్సు కోరే వీలు చట్టంలోని 31వ సెక్షను ఇచ్చింది. పల్లెటూరి పద్యాభిమాని న్యాయస్థానం మెట్లెక్కగలడా?

మరి ఈ సంస్థలకు ఇక పని లేదా? ఉంది, చాలా ఉంది. మొదటిది, భాండారంలోని ముద్రికలన్నిటికీ జాబితా ప్రకటించడం: కవి ఎవరు, గాయకుడెవరు, హార్మోనియం ఎవరు, ఏ ఏడు. నేడు అంతర్జాలంలో పాటకు సినిమా పేరు ఉంటుంది, రచయిత పేరు ఉండదు. రెండవది, 2012 సవరణ రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో సమాన భాగం హక్కుగా ఇచ్చింది. ఆ లెక్కలు వారసులకు అర్థమయ్యేటట్లు చూపడం. మూడవది, గడువు తీరిన వాటిపై యంత్రాల చేత దావాలు వేయించడం మానడం.

పలక అరిగిపోయే వస్తువు. విన్నవారూ వెళ్లిపోతున్నారు. హక్కు గడువు తీరేనాటికి వినదగిన ప్రతి ఒక్కటైనా మిగలకపోతే, ఆ హక్కు కాపాడినది దేనిని? విజ్ఞులు ఆలోచించాలి. ఇంట్లో పాత పలకలున్నవారు వాటి మీది చీటీలనైనా చదివి, వివరాలు రాసిపెట్టాలని నా ప్రార్థన.