పరుగొచ్చు... మరి ఈతో?

హైదరాబాద్ మారథాన్ నాలుగుసార్లు పూర్తిచేశారు. విశాఖ బీచ్‌రోడ్డులో 10 కిలోమీటర్లు పరుగెత్తి రావడం మీకు మంచినీళ్లప్రాయం. పతకాలు తగిలించడానికి గోడ చాలడంలేదు. ఇక ట్రయథ్లాన్ మీద మనసుపడటంలో వింతేముంది? ఈత, సైకిల్, పరుగు... మూడింట్లో ఒకటి వచ్చేసినట్టేగా!

సరిగ్గా అక్కడే ఉంది తిరకాసు. శిక్షణకు ప్లాన్ ఎంచుకునేటప్పుడు చూడాల్సింది వచ్చిన ఆ ఒక్కదాన్ని కాదు, రాని ఆ రెంటినీ!

ముందు దూరం తేల్చుకోండి

రన్నర్లు గొప్పా, ఈతగాళ్లు గొప్పా, సైకిల్ తొక్కేవాళ్లు గొప్పా అన్న వాదనలోంచే హవాయిలో ఐరన్‌మ్యాన్ పోటీ పుట్టింది. 1978లో తొలిసారి 15 మంది బరిలోకి దిగితే 12 మంది పూర్తిచేశారు. 3.8 కి.మీ. ఈత, 180 కి.మీ. సైకిల్, ఆపైన పూర్తి మారథాన్. అమ్మో అనుకోకండి, చిన్నవీ ఉన్నాయి. స్ప్రింట్‌లో 750 మీటర్ల ఈత, 20 కి.మీ. సైకిల్, 5 కి.మీ. పరుగు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌తో ఒలింపిక్ క్రీడైన పోటీలో 1.5, 40, 10. ఐరన్‌మ్యాన్‌లో సరిగ్గా సగం కావాలంటే ‘70.3’... 1.9, 90, 21.1. 2019లో ఇది గోవాకీ వచ్చింది.

మారథాన్ పరుగెత్తేవాళ్లకు 5 కి.మీ. పోటీ అంటే చిన్నతనం. నేరుగా 70.3కే పేరిచ్చేస్తారు. కానీ ఈత కొత్తయితే మొదటిమెట్టు స్ప్రింటే. పది, పన్నెండు వారాల ప్లాన్ చాలు.

ఈ లెక్క చూడండి

70.3లో పరుగు బాగా మెరుగుపడి, 2 గంటల 10 నిమిషాల్లో చేసేది 2 గంటల 5 నిమిషాల్లో పూర్తిచేశారనుకుందాం. మిగిలింది 5 నిమిషాలు. అదే సైకిల్ మీద గంటకు 25 కి.మీ. వేగాన్ని 30కి పెంచగలిగితే? 90 కి.మీ. దూరంలో 36 నిమిషాలు కలిసొస్తాయి. పోటీలో దాదాపు సగం సమయం గడిచేది సీటు మీదే. అందుకే వారంలో ఎక్కువ గంటలు సైకిల్‌కు ఇచ్చే ప్లాన్ మంచిది.

ఇక ఈత. సమయం తక్కువే, కానీ అది దాటితేనే మిగతా రెండూ. 1.9 కి.మీ.కి సాధారణంగా 70 నిమిషాల గడువు. అంటే ప్రతి 100 మీటర్లనూ సుమారు 3 నిమిషాల 40 సెకన్లలో, ఆగకుండా ఈదాలి. పరుగుతో వచ్చిన దమ్ము ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. రన్నర్ల చీలమండలు బిగుసుకుని ఉంటాయి. కాళ్లు ఎంత కొట్టినా ముందుకు సాగరు, నడుము కిందికి దిగిపోతుంది. ఇది బలంతో తేలేది కాదు, పద్ధతి నేర్చుకోవాలి.

నీళ్లతో పరాచికాలొద్దు

ఇది గడువుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయథ్లాన్‌లలో జరిగిన మరణాలు, గుండె ఆగిన సంఘటనలు కలిపి 135 వైద్యులు పరిశీలించారు. అందులో 90 ఈతలోనే! కాబట్టి నలభైకి దగ్గరపడుతున్నవాళ్లు ముందు గుండె పరీక్ష చేయించుకోవాలి. మారథాన్లు చేశాం కదా అని వదిలేయకూడదు.

ప్లాన్ తెరిచి మొదటివారంలో ఎంత ఈదమన్నారో చూడండి. 800 మీటర్లని ఉండి, మీకు 100 మీటర్లకే ఆయాసం వస్తుంటే ఆ ప్లాన్ మీది కాదు. రెండు మూడు నెలలు కోచ్ దగ్గర ఈత నేర్చుకుని అప్పుడు మొదలుపెట్టండి. అపార్ట్‌మెంట్ కొలనులో నాలుగు బారలకే గోడ తగులుతుంది, సముద్రంలో పట్టుకోవడానికి గోడ ఉండదు. పోటీ సముద్రంలోనో చెరువులోనో అయితే ముందుగా అలాంటి నీళ్లలో సాధన ఉండాల్సిందే. ఒంటరిగా మాత్రం దిగొద్దు.

పరుగు తగ్గించాలి!

అలవాటైన అయిదు రోజుల పరుగును అలాగే ఉంచి దానిమీద ఈత, సైకిల్ పేర్చడం రన్నర్లు చేసే పెద్ద పొరపాటు. మోకాలో, పిక్కో మొరాయించేది అప్పుడే. వారానికి మూడు పరుగులు చాలు. ఒకటి దూరం, ఒకటి వేగం, మూడోది సైకిల్ దిగిన వెంటనే చేసేది. దీన్ని ‘బ్రిక్’ అంటారు, అంటే ఇటుక. మొదటిసారి కాళ్లు నిజంగా ఇటుకల్లాగే అనిపిస్తాయి! ఎంత అనుభవం ఉన్న రన్నరైనా దీన్ని కొత్తగా నేర్చుకోవాల్సిందే.

క్యాలెండర్ కూడా చూసుకోండి. గోవా పోటీ అక్టోబరు, నవంబరు ప్రాంతంలో ఉంటుంది. 20 వారాల ప్లాన్ అంటే జూన్‌లో మొదలవ్వాలి. నట్టనడుమ ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ వస్తుంది. అలవాటుకొద్దీ పూర్తి మారథాన్ పరుగెత్తితే కోలుకునేసరికి రెండు మూడు వారాల సైకిల్, ఈత పోతాయి. ఆ ఏడాదికి 10కె చాలనుకోవాలి.

అన్నట్టు... ఇంట్లోవాళ్లనూ అడగండి. 70.3 శిక్షణకు వారానికి ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. ఆదివారం పొద్దున్న సైకిల్ మీద వెళ్తే వచ్చేసరికి టిఫిన్ల వేళ దాటిపోతుంది. పిల్లల పరీక్షలూ బంధువుల పెళ్లిళ్లూ ప్లాన్ రాసినవాళ్లకు తెలియవుగా!

ఎంచుకునే ముందు...

* మొదటివారం ఈతను ఈరోజే చేయగలరా?
* వారానికి మీకు నిజంగా దొరికే గంటల్లో ఇముడుతుందా?
* పరుగు మూడు రోజులకు మించకుండా ఉందా?
* మూడు నాలుగు వారాలకోసారి భారం తగ్గించే వారం ఉందా?
* సైకిల్ మీద తినడం, తాగడం అలవాటు చేయిస్తుందా?
* పోటీకి ముందు వారం, పది రోజులు విశ్రాంతి పెంచుతుందా?

అన్నిటికీ అవునంటే అదే మీ ప్లాన్. పైన ‘కొత్తవారికి’ అని రాసి ఉన్నా సరే, నామోషీ పడకండి. ఈతకూ సైకిల్‌కూ మీరు కొత్తవాళ్లే!