నూటికి నూరూ పంచుకున్నాక

బస్తర్‌లోని బైలడిలా 13వ నిక్షేపంలో వాటాలు చూడండి. ఎన్‌ఎండీసీకి 51 శాతం, ఛత్తీస్‌గఢ్ ఖనిజాభివృద్ధి సంస్థకు 49 శాతం. నూటికి నూరూ అక్కడే సరి. తవ్వే కాంట్రాక్టు అదానీ సంస్థకు దక్కింది. ఆ గుట్టను నందరాజు కొండగా కొలిచే ఆదివాసులకు మిగిలింది సున్న.

2019 జూన్‌లో వేలాది ఆదివాసులు కిరందుల్‌లో రోజుల తరబడి బైఠాయించారు. 2014లో హిరోలీ గ్రామసభ ఇచ్చిందంటున్న సమ్మతి బూటకమని ఎలుగెత్తారు. పనులు ఆపి విచారణకు ఆదేశించక ప్రభుత్వానికి తప్పలేదు. పెసా చట్టం వచ్చి అప్పటికే 23 ఏళ్లు. ఊరి సమ్మతిని ఊరినే అడగాలన్న ఇంగితం ఏలినవారికి ఇంకా రాలేదు.

షెడ్యూల్డు ప్రాంతాల గనులను ఆదివాసుల సహకార సంఘాలకు ఇవ్వవచ్చని 1997లోనే సమత తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఆంధ్రప్రదేశ్ చట్టంపై వచ్చిన తీర్పు, బస్తర్‌కు వర్తించదని వాదించేవారున్నారు. బైలడిలా ఇనుము దశాబ్దాలుగా విశాఖ రేవుకు చేరుతోంది. తవ్వే ఎన్‌ఎండీసీ కేంద్ర కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. ఖనిజానికి అడ్డురాని సరిహద్దు న్యాయానికే ఎందుకు అడ్డొస్తోంది?

కొండను తవ్వాలా వద్దా అన్నది ముందు గ్రామసభ తేల్చాలి. తవ్వడానికే ఒప్పుకుంటే యాజమాన్యంలో తొలి వాటా ఆ ఊళ్లదే కావాలి. అంతకు తక్కువైనదేదీ అభివృద్ధి అనిపించుకోదు.