దుఃఖము – నిరీక్షణ



ఎదురుచూచుటనే మనము నిరీక్షణ మందుము. తెలుగు బైబిలునందు మాత్రము ఈ మాట, మేలు కలుగునను నమ్మకమునకు వాడబడినది. ఆశయు, ఎదురుచూపును ఒక్క మాటలోనే యిమిడియున్నవి. ఆప్తులను పోగొట్టుకొనిన స్త్రీకి ఈ యర్థ మెంత యాదరువో ఈ మాసము ఆలోచింతము.

హైదరాబాదునందలి జూబిలీహిల్సు, ఫిలింనగరు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయములు. వెలుపలివారికి అచట మేడలును, కారులును మాత్రమే కనబడును. ఒక్క శుక్రవారముతో భాగ్యము తారుమారగు ఆ చోటను సైతము శోకము విడిచిపెట్టలేదు. నటీమణి జయసుధగారి నెరుగని తెలుగు గృహిణి యుండదు. 1972లో "పండంటి కాపురం"తో తెరకు వచ్చిన ఆమె 2001లో క్రైస్తవ మతమును స్వీకరించిరి. 2017 సంక్రాంతికి విడుదలైన "శతమానం భవతి"లో, దూరదేశముల నున్న బిడ్డలకై పరితపించు పల్లెటూరి తల్లిగా నటించిరి. రెండు నెలలకే, మార్చిలో, ఆమె భర్త నితిన్ కపూర్‌గారు మరణించిరి. ఆ వేదన వారిది. దానిని గూర్చి ఊహించి వ్రాయుట మర్యాద కాదు. 2018లో "శ్రీనివాస కళ్యాణం"లోను, 2019లో "మహర్షి"లోను ఆమెను మరల తెరపై చూచితిమని మాత్రము చెప్పుదుము.

2004లో "ఆనంద్" చిత్రమునకు కథానాయకులైన రాజాగారు చిన్నతనముననే తల్లిదండ్రులను పోగొట్టుకొనినవారు. వారు తరువాత నటన విడిచి క్రైస్తవ బోధకులైరి. ఒకరు తమ పనికి మరల వచ్చిరి. మరియొకరు పనినే మార్చుకొనిరి. క్రొత్త జీవితమునకు దారి యొక్కటియే కాదు.

బైబిలునందు రూతు చరిత్రము చిన్నది. అందలి నయోమి కథ మన యిండ్లలోని కథవలెనే యుండును. కరవునకు బేత్లెహేము విడిచి మోయాబు దేశమునకు పోయిన ఆ యిల్లాలు అచట భర్తను, ఇద్దరు కుమారులను పోగొట్టుకొని తిరిగివచ్చెను. ఊరి స్త్రీలు పలుకరింపగా, ఇక తన్ను చేదు అను నర్థముగల మారా యను పేరుతో పిలువుడని చెప్పెను. ఆ మాటకు ఆమె నెవరును గద్దించినట్లు ఆ గ్రంథమున లేదు. పిమ్మట జరిగిన దేమి? ఆకాశమునుండి అద్భుత మేదియు దిగిరాలేదు. కోడలు రూతు యవల కోతలో పరిగె యేరి తెచ్చి అత్తకు పెట్టెను. ఆ పిడికెడు గింజలతోనే నయోమికి దినములు తిరిగినవి. కడపట మనుమడు ఆమె యొడి చేరెను. వానికి పేరు పెట్టినవారు ఇరుగుపొరుగు స్త్రీలే.

దీనివలన మనము నేర్చుకొనవలసినది గలదు. దుఃఖము కలిగిన యింట "దేవుని చిత్తము, ఏడువవద్దు" అని తొలినాడే బోధించుట మనకు వాడుక. లాజరు సమాధియొద్ద యేసు కన్నీరు విడిచెనని నమ్మువారు ఇతరుల కన్నీటిని ఏల తప్పు పట్టవలెను? క్రైస్తవుల యిండ్లలో ఆదరణ కూడిక ముగియగనే, ఇతరుల యిండ్లలో పదునొకండవ దినము గడువగనే, బంధువులందరు వెడలిపోవుదురు. అసలైన ఒంటరితనము ఆ మరునాడు మొదలగును. మనము పోవలసినది అప్పుడే. ఒక గిన్నెడు చారన్నము తీసికొనిపొండు. మరణ ధ్రువపత్రమునకో, బ్యాంకు పనికో, పింఛను కాగితములకో ఆమెకు తోడుగా నడువుడు. ఆమె గతించినవారి పేరెత్తిన మాట మార్పక వినుడు. నెల తిరిగిన పిమ్మట మరల పొండు.

వేదనలో నున్న స్త్రీతో మే మనునది యింతే: అమ్మా, నేడు ప్రార్థనకు నోరు రాకున్న విచారింపకుము. నయోమికిని చేదు మాటయే వచ్చినది. ఆమె ఇంటిత్రోవ మాత్రము విడువలేదు. పొయ్యి రాజవేయుము, తల దువ్వుకొనుము, వచ్చిన చేయిని త్రోసివేయకుము. ఎదురుచూచుటయు ఆశయే.