కదలని పడవకు కేవు

రేవు దాటించినందుకు పడవవానికిచ్చు కూలిని మన పెద్దలు కేవు అనుచుండిరి. ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, ఏరు దాటిన పిమ్మట బోడి మల్లయ్య యను సామెత యెరుగని తెలుగువాడు లేడు. అవసరము తీరిన పిమ్మట పడవవానిని మరచు ప్రయాణికుని కృతఘ్నతను ఆ సామెత యెత్తిపొడుచుచున్నది. నేటి విహారనౌకల వ్యాపారమున ఆ సామెత తలక్రిందులైనది. ఇప్పుడు సొమ్ము ముందు, ప్రయాణము తరువాత. టిక్కెట్టు కొనువరకు ప్రయాణికుడు ఓడ మల్లయ్య; పడవ రద్దయిన మరునాడు ఆతడే బోడి మల్లయ్య.

లాలాగూడలో 1893 నుండి రైల్వే కార్ఖానా నడచుచున్నది. అచ్చటి కార్మికునకును, తార్నాకలోని ఉద్యోగికిని, ఉస్మానియాలోని అధ్యాపకునకును కుటుంబముతో కూడి ఊరు విడచుటకు అనుకూలించు సెలవులు కొలదియే. అట్టి గృహస్థుడొకడు కార్తీకమాసమున గోదావరిపై పాపికొండలను చూడవలెనని తలపెట్టినాడనుకొందము. తల్లిదండ్రులకును, భార్యాబిడ్డలకును, తనకును పడవ టిక్కెట్లు కొనును. సికిందరాబాదు నుండి రైలు టిక్కెట్లు తీసికొనును. రాజమహేంద్రవరమున బసకు బయానా పంపును. ప్రయాణపు ముందునాటి సాయంకాలము ఆతని ఫోనునకు ఒక పంక్తి వచ్చును: పడవ రద్దయినది. సొమ్ము మాట అందులో నుండదు. అడిగినచో, ఇంకొక తేదీకి రండని జవాబు. ఆ తేదీకి ఆతనికి సెలవు లేదు, బిడ్డలకు పరీక్షలు. ఇట్టివానికి గల త్రోవలేవి? అతని సొమ్ము ఎవరిది? ఈ ప్రశ్నలను విచారించుట నేటి మా యుద్దేశము.

మొట్టమొదట ఒక మాటను నిష్కర్షగా చెప్పవలసియున్నది. పడవను రద్దు చేయుటయే అపకారమని తలచుట పొరపాటు. 2019 సెప్టెంబరు 15వ తేదీ ఆదివారమును తెలుగువారు మరువరాదు. గోదావరిలో 5 లక్షల క్యూసెక్కులకు పైబడి నీరు పారుచుండగా, డెబ్బదిమందికి పైగా జనమును ఎక్కించుకొని పాపికొండలకు బయలుదేరిన విహారనౌక కచ్చులూరు వద్ద మునిగిపోయినది. బ్రతికి బయటపడినవారు 26 మంది. మృతులలో హైదరాబాదు, వరంగల్లు ప్రాంతములవారు అనేకులు. మునిగిన నౌకను అక్టోబరు 22వ తేదీన గాని పైకి తీయలేకపోయిరి. అంతకు ముందు 2018 మే నెలలో అదే నదిపై మంటూరు వద్ద లాంచి మునిగెను. 2017 నవంబరులో కృష్ణానదిపై పవిత్ర సంగమము వద్ద పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా మరణించిరి. ఈ మూడు దుర్ఘటనలును మూడేండ్ల లోపలివే. ఆ దినములలో ఆ పడవలు రద్దయియున్నచో ఎన్ని గృహములలో దీపము నిలిచియుండెడిది! కావున నది పొంగినప్పుడు పడవను కట్టివేసినవాడు ప్రయాణికునకు శత్రువు కాడు, మిత్రుడు. రద్దును గూర్చి మాకు ఫిర్యాదు లేదు. రద్దయిన పిమ్మట సొమ్ము ఎవరి పెట్టెలో నుండవలయునన్నదే ప్రశ్న.

ఈ రెండు విషయములును వేరువేరుగా తోచును గాని, వానికి సన్నిహిత సంబంధము కలదు. ముందుగా పుచ్చుకొన్న సొమ్ము వర్తకుని చేతిలో నున్నంతకాలము అది అతనికి ఒక ప్రలోభము. పడవ కదిలినచో సొమ్ము తనది. కదలనిచో తిరిగి ఈయవలసివచ్చును. ఆకాశము మబ్బుపట్టియున్న ఉదయమున, గట్టున జనము గుమిగూడియుండగా, ఈ లెక్క అతని బుద్ధిని ఏ వైపునకు లాగునో చెప్పనక్కరలేదు. కచ్చులూరు నాడు ఎవరి మనస్సున ఏమి యుండెనో మేము చెప్పజాలము; మానవస్వభావమును గూర్చి మాత్రమే చెప్పుచున్నాము. పడవ కదులుటయా మానుటయా యను నిర్ణయము సొమ్ము పుచ్చుకొన్నవాని చేతిలో నుండరాదు. పడవ కదులువరకు ఆ సొమ్ము అతనిదిగా నుండరాదు. ఇది మా వాదమునకు మూలము.

ఇక ప్రయాణికుని హక్కులను చూతము. పడవలు మూడు కారణములచేత రద్దగుచున్నవి: నది వలన, ప్రభుత్వము వలన, వర్తకుని వలన. నది సంగతి తెలిసినదే. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగులకు ఎగసినది. అచ్చట మూడవ ప్రమాద హెచ్చరికయే 53 అడుగులకు. నీరు పెరిగిననే గాక తరిగినను పడవ నిలుచును. నాగార్జునసాగరము నుండి శ్రీశైలమునకు పోవు లాంచి జలాశయము నిండుగా నున్ననే గాని కదలజాలదు. ప్రభుత్వము వలన నిలిచిన సందర్భమునకు కచ్చులూరు పిమ్మటి కాలమే నిదర్శనము: పడవల అనుమతులు నిలిపివేయబడినవి, 2020 లో కరోనా వచ్చిపడినది, 2021 లో గాని పాపికొండల విహారము మరల సాగలేదు. మూడవది వర్తకుని స్వయంకృతము: జనము చాలలేదనియో, యంత్రము చెడినదనియో, అనుమతి పత్రమునకు గడువు తీరినదనియో రద్దు చేయుట.

ఈ మూడింటిలోను ఒక ఫలము సమానము: ప్రయాణికుని సొమ్ము ప్రయాణికునకు రావలయును. ఇది నేటి కొత్త మాట కాదు. 1872 నాటి కంట్రాక్టు చట్టమునందే, ఒప్పుకొన్న పని తరువాత అసాధ్యమైనచో ఒప్పందము చెల్లదని 56వ సెక్షనును, చెల్లని ఒప్పందము క్రింద లాభము పొందినవాడు దానిని తిరిగి ఈయవలయునని 65వ సెక్షనును చెప్పుచున్నవి. దైవికము దైవికమని వర్తకుడు చేతులు జోడించినచో, ప్రయాణము చేయించలేదను నిందనుండి అది అతనిని కాపాడవచ్చును. చేయించని ప్రయాణమునకు కేవు పుచ్చుకొను హక్కును మాత్రము అది ఈయదు.

భేదము మిగిలిన నష్టము విషయమున కలదు. రైలు టిక్కెట్టు రద్దు చేసికొనుటలో పోయిన తరుగు, బసకిచ్చిన బయానా, వ్యర్థమైన సెలవు—వీనిని ఎవరు భరింపవలయును? వరద వలననో ప్రభుత్వాజ్ఞ వలననో పడవ నిలిచినచో వీనిని వర్తకునిపై మోపుట న్యాయము కాదు. వర్తకుని స్వయంకృతము వలన నిలిచినచో అవి సేవాలోపము వలని నష్టములు. వానికి పరిహారము కోరుట న్యాయము. కావున రద్దు వార్త వచ్చిన వెంటనే కారణమేమని వ్రాతమూలకముగా అడుగుట ప్రయాణికుని ప్రథమ కర్తవ్యము. నోటిమాట మరునాటికి మారును, వ్రాత మారదు.

ఇంకొక తేదీకి రండని చెప్పుటయు, సొమ్మునకు బదులు చీటి యిచ్చుటయు నేడు వాడుకయైనవి. ప్రయాణికునకు సమ్మతమైనచో మంచిదే. సమ్మతము కానిచో అది బలవంతపు అప్పు. కరోనా కాలమున రద్దయిన విమానపు టిక్కెట్ల విషయమున సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1వ తేదీన ఇచ్చిన ఉత్తర్వు ఇచ్చట స్మరణీయము. ఆర్థికముగా చిక్కుపడిన విమానసంస్థలు సొమ్మునకు బదులు చీటి ఈయవచ్చునని ఒప్పుకొనుచునే, ఆ చీటి 2021 మార్చి 31 లోపల వినియోగము కానిచో సొమ్ము చెల్లింపవలయుననియు, ఆలోపల దాని విలువ నెలనెలకు పెరుగవలయుననియు, దానిని మరొకరికి బదలాయింపవచ్చుననియు న్యాయస్థానము శాసించినది. ఆ ఉత్తర్వు విమానములకు సంబంధించినదే. దాని న్యాయము మాత్రము పడవలకును చాలును. ఇతరుల సొమ్మును దాచుకొన్నవాడు ఆ కాలమునకు మూల్యము చెల్లింపవలయును.

ఇంటర్నెట్టు మూలమున టిక్కెట్లమ్మువారికి 2020 జూలైలో కేంద్ర ప్రభుత్వము నిబంధనలు చేసినది. ఫిర్యాదు అందినదని 48 గంటలలోపల తెలుపవలయును, నెలలోపల పరిష్కరింపవలయును. మరియొక నిబంధన మిక్కిలి న్యాయమైనది: ప్రయాణికుడు రద్దు చేసికొన్నప్పుడు సొమ్ములో భాగమును కోయు వర్తకుడు, తానే రద్దు చేసినప్పుడు అట్టి భారమునే తానును మోయవలయును, మోయనిచో ఆ కోతకు అతనికి అధికారము లేదు. టిక్కెట్టు వెనుక సన్నని అక్షరములతో అచ్చువేసిన షరతులను చూచి వెనుదీయువారు ఈ నిబంధనను జ్ఞాపకముంచుకొందురుగాక.

అయినను లాలాగూడ గృహస్థునకు ఒక సందేహము కలుగును. పడవ రేవులు ఆంధ్రప్రదేశములో నున్నవి. రాజమహేంద్రవరము మీదుగా పోవువారు గండి పోచమ్మ రేవునను, భద్రాచలము మీదుగా పోవువారు పోచవరమునను ఎక్కుదురు. ఆ పోచవరపు ప్రాంతమును 2014 లో తెలంగాణమును వీడి ఆంధ్రప్రదేశమున చేరినదే. కొన్నవాడు ఒక రాష్ట్రమున, పడవ మరియొక రాష్ట్రమున. వ్యాజ్యమునకు గోదావరి గట్టునకు పోవలయునా? అక్కరలేదు. 1986 నాటి చట్టము ఫిర్యాదిదారుని నివాసమును లెక్కింపలేదు. దాని స్థానమున వచ్చిన 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టము 34వ సెక్షను ప్రకారము, ఫిర్యాదిదారుడు తాను నివసించుచోటనో పనిచేయుచోటనో గల జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షలకు మించనిచో రుసుము లేదు. వకీలును పెట్టుకొనుట విధి కాదు. గడువు రెండేండ్లు. ముందుగా 1915 నెంబరునకు ఫోను చేసి జాతీయ సహాయకేంద్రము ద్వారా రాజీకి యత్నింపవచ్చును. అది ఫలింపనిచో ఇంటనుండియే ఇంటర్నెట్టు మూలమున ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. బ్యాంకు కార్డుపై చెల్లించినవారు, సేవ లభింపలేదని తమ బ్యాంకునకు వ్రాసి ఆ చెల్లింపును ప్రశ్నించు త్రోవయు కలదు. టిక్కెట్టు, రసీదు, రద్దు వార్త, రైలు తరుగు పత్రము—ఈ నాలుగు కాగితములను భద్రపరచినవానికి సగము వ్యాజ్యము గెలిచినట్లే.

పడవల యజమానుల పక్షమున చెప్పదగిన మాటయు కలదు. వరద కాలమున నెలల తరబడి వారికి పని యుండదు. 2019 తరువాత ఇంచుమించు రెండేండ్లు వారి పడవలు గట్టున ఎండినవి. సరంగులు, వంటవారు, కలాసులు కూలి లేక కుమిలిరి. ముందుగా పుచ్చుకొన్న సొమ్ము డీజిలునకును సరకులకును వ్యయమైనదని వారనుటలో కొంత నిజముండవచ్చును. ఈ కష్టమునకు మా సానుభూతి కలదు. కాని దీనికి మందు భీమా, బ్యాంకుల ఋణము, ప్రభుత్వ సహాయము. లాలాగూడ కార్మికుని కూడబెట్టిన సొమ్ము కాదు. నది పొంగుట పడవ వ్యాపారమునకు కొత్త కాదు. వాన కురియుట వ్యవసాయమునకు కొత్త కానట్లే. తన మడి మునిగినదని రైతు కొనుగోలుదారుని బయానాను మ్రింగివేసినచో ఊరు ఒప్పుకొనునా?

ఇతర దేశములలోను నదులు వర్తకుల మాట వినవు. 2018 లోను 2022 లోను ఐరోపాలోని రైను నది ఎండి, నౌకలకు చాలినంత లోతు లేకపోయినది. ఆ ఖండమున విహారయాత్రలను గూర్చి 2015 లో చేసిన శాసనము స్పష్టముగా నున్నది: తప్పింపరాని కారణమున యాత్రను నిర్వాహకుడు రద్దు చేసినచో అదనపు పరిహారము అక్కరలేదు గాని, పుచ్చుకొన్న సొమ్మంతయు 14 దినములలోపల తిరిగి ఈయవలయును. ప్రయాణికుడు వ్యాజ్యమాడనక్కర లేకుండ గడువే అతని పక్షమున పోరాడును. మన చట్టమున హక్కు కలదు. పడవలకు ప్రత్యేకించిన ఇట్టి గడువు లేదు. కొరత ఇచ్చటనే యున్నది.

కావున రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములను మేము కోరునవి మూడు. పడవ కదలవచ్చునా కూడదా యను నిర్ణయము నీటిమట్టమును చూచు అధికారులదే కావలయును. ఆ నిర్ణయము ప్రతిదినము ముందునాడే బహిరంగముగా ప్రకటింపబడవలయును. ముందుగా వసూలైన టిక్కెట్టు సొమ్ము ప్రత్యేకమైన ఖాతాలో నుండి, పడవ గట్టు చేరిన పిమ్మటనే యజమానికి ముట్టవలయును. రద్దయినచో ఎవరును అడుగకయే నియమిత దినములలో ప్రయాణికునకు తిరిగి చేరవలయును. ఈ షరతును పడవకు అనుమతి యిచ్చు పత్రములోనే వ్రాయవలయును. ప్రభుత్వ పర్యాటక సంస్థలు తమ లాంచీల విషయమున దీనిని ముందుగా ఆచరించి చూపినచో తక్కినవారికి సాకు మిగులదు.

తుదకు ప్రయాణికులకు ఒక మాట. ఇంతదూరము వచ్చితిమి, ఎట్లైనను పడవ విడువుడని గట్టున నిలిచి సరంగును ఒత్తిడి చేయుట కూడదు. గోదావరి ఎక్కడికిని పోదు. పాపికొండలు వచ్చు కార్తీకమునకును అచ్చటనే యుండును. సొమ్ము తప్పక తిరిగి వచ్చునను నమ్మకము ప్రయాణికునకున్నచో అట్టి ఒత్తిడి పుట్టదు. సొమ్ము తనది కాదను ఎరుక యజమానికున్నచో అట్టి తెగువయు పుట్టదు. కచ్చులూరు ఇసుకలో మనము చదువవలసిన పాఠమిదియే. కదలని పడవకు కేవు లేదు. ఈ చిన్న న్యాయము నిలిచినచో, కదలరాని పడవలు కదలవు.