సామాను దగ్గర ఎవరుంటారు?

తలకోనకి నేను మూడుసార్లు వెళ్లాను. జలపాతాన్ని చూసింది మాత్రం ఒక్కసారే. నవ్వకండి, మీలో చాలామంది కథ ఇదే అయ్యుంటుంది.

మొదటిసారి పెళ్లయిన కొత్తలో, కార్తీక వనభోజనాలకి. పులిహోర, దద్ధ్యోజనం, క్యారియర్లు, జంపఖానాలు... వంటిల్లంతా వ్యానెక్కించాం. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర దిగాక, "కోతులున్నాయి, సామాను దగ్గర ఎవరో ఒకరుండాలి" అన్నారు. ఆ ఎవరో ఒకరు కొత్త కోడలు కాక ఇంకెవరు? రెండోసారి చంకలో చంటిపిల్ల. అందరూ తడిబట్టలతో, వెలిగిపోతున్న మొహాలతో దిగొస్తే నేను తువ్వాళ్లందించాను.

మొన్న మూడోసారి. ఆ చంటిపిల్లకి ఇప్పుడు పద్నాలుగేళ్లు. ఎవరూ చెప్పకుండానే వెళ్లి సంచుల పక్కన చతికిలబడింది. వాళ్ల తమ్ముడు అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. నా గుండె కలుక్కుమంది. నేను నోటితో ఒక్కమాటా చెప్పలేదు, కానీ పిల్ల నన్ను చూసి నేర్చేసుకుంది!

"సామాను వ్యానులో పెట్టి తాళం వెయ్యండి" అన్నాను మావారితో. వేశారు. అంతే! ఇన్నేళ్లుగా ఎవరికీ తోచని ఉపాయం.

ఇద్దరం ఎక్కాం. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన శేషాచలం అడవి అది. ఎర్రచందనం చెట్లు, ఏనుగు తొండమంత లావున మెలికలు తిరిగిన గిల్లతీగలు. ఆయాసం వచ్చినచోటల్లా ఆగాను. చివరికి 270 అడుగుల ఎత్తునుంచి దూకుతున్న నీళ్లు! తుంపర మొహాన కొడుతుంటే అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఏదో అరిచింది. ఆ హోరులో వినపడలేదు.

దిగొచ్చాక గుడి అరుగు మీద కూర్చున్న అత్తగారు, "బావుందా?" అని అడిగారు. ఆవిడ ఎన్ని కార్తీకాలు ఇక్కడికొచ్చారో! ఒక్కసారీ పైకి వెళ్లలేదట. ఇప్పుడు వెళ్దామంటే మోకాళ్లు సహకరించవు.

వనభోజనంలో వనం వాళ్లకి, భోజనం మనకి అని పంచిందెవరు? అడిగితే కాదనేవాళ్లు మన ఇళ్లలో తక్కువే. మనమే అడగం. ఈసారి వంటకాలు రెండు తగ్గించండి. ఎవరి నీళ్లసీసా వాళ్లనే మొయ్యనివ్వండి. ఖాళీ సీసాల్ని అడవిలో పారెయ్యకుండా వెనక్కి తెమ్మనండి. కాళ్లకి పట్టున్న బూట్లు వేసుకోండి, తడిరాళ్లు జారతాయి. వానలు జోరుగా ఉన్నప్పుడు మడుగు దగ్గరకి పోవద్దు. సామానుకి కాపలా తప్పనిసరైతే వంతులు వేసుకోండి, ఆ వంతుల్లో మగపిల్లల పేర్లూ రాయండి.

మోకాళ్లు మాట వింటున్నప్పుడే వెళ్లిరండి.