మూడున్నర రూపాయల వడ్డీ

హాస్టల్లో చదువుకున్న మనకు ‘చార్జీలు’ అన్న మాట వినగానే డైట్ చార్జీలు, కాస్మెటిక్ చార్జీలే గుర్తుకొస్తాయి. అవి ఆలస్యంగానైనా సరే ప్రభుత్వం మనకిచ్చేవి. ఉద్యోగంలో చేరిన నెల నుండి ఇంకో రకం చార్జీలు మన వెంటపడతాయి. వార్షిక ఫీజు, లేటు ఫీజు, ఫైనాన్స్ చార్జీ... ఇవి మన దగ్గర తీసుకునేవి. క్రెడిట్ కార్డు తీసుకోవద్దని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఇంట్లో మొట్టమొదట పట్టా అందుకున్న మనకు ఈ సంగతులు అడిగి తెలుసుకునే పెద్దదిక్కు లేదు గనుక రాస్తున్నాం.

కార్డు తెలుగువారికి కొత్తదేమీ కాదు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. (ఆ బ్యాంకే 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.) మన వాడల దాకా రావడానికే ఇన్నేళ్లు పట్టింది.

గడువులోగా బిల్లు మొత్తం కట్టేస్తే వడ్డీ ఒక్క పైసా ఉండదు. అంతవరకు కార్డు మంచిదే. కట్టలేకపోతే వడ్డీ ఎంత? చాలా కార్డుల కాగితాల్లో ‘నెలకు 3.5 శాతం’ అనో, ఇంకాస్త ఎక్కువో ఉంటుంది. చూడడానికి చిన్న అంకె. దాన్ని ఊరి భాషలోకి మార్చి మీ నాన్నకు చెప్పి చూడండి: నూటికి మూడున్నర రూపాయల వడ్డీ! ఉలిక్కిపడతాడు. రెండు రూపాయల వడ్డీకి తెస్తేనే మన ఇళ్లలో నిద్ర పట్టదు. మూడు రూపాయలు అడిగినవాణ్ణి జలగ అంటారు. ఏసీ గదిలో కూర్చుని మూడున్నర అడిగేవారిని ఏమనాలి? ఏడాదికి 42 శాతం, ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ.

అన్నిటికన్నా పెద్ద ఉచ్చు ‘మినిమమ్ డ్యూ’. బిల్లు 20,000 అనుకుందాం. అందులో 5 శాతం, అంటే 1,000 కడితే చాలు అంటారు. మిగిలిన 19,000 మీద నెలకు వడ్డీ 665, జీఎస్టీ దాదాపు 120. వచ్చే నెల మరో వెయ్యి కడితే 785 వాటికే సరి, అసలులో తరిగేది 215 రూపాయలు. ఇది కూడా తక్కువలో తక్కువ లెక్కే. మొత్తం కట్టనప్పుడు వడ్డీని గడువు తేదీ నుండి కాదు, కొన్న రోజు నుండే లెక్కవేస్తారు. ఆ తర్వాత కొత్తగా కొన్నవాటికీ వడ్డీ లేని రోజులు ఉండవు. ఇక కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే విడిగా ఫీజు, తీసిన రోజు నుండే వడ్డీ.

30 శాతం దాటిన వడ్డీ అన్యాయమైన వ్యాపార పద్ధతి అని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు చెప్పింది. అది రిజర్వు బ్యాంకు చూసుకోవలసిన విషయం అంటూ 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. అయితే రిజర్వు బ్యాంకే ఒక అంకె గీసి, ఇది దాటవద్దని చెప్పాలి కదా! చెప్పాలనే మేము కోరుతున్నాం.

లిమిట్ గురించి ఒక్క మాట. లక్ష లిమిట్ అంటే లక్ష మన చేతిలో ఉన్నట్టు కాదు, లక్ష వరకు అప్పు పుడుతుందని మాత్రమే. మనం ఒప్పుకోకుండా బ్యాంకు దాన్ని పెంచకూడదు.

దుకాణదారుడి బాధ వేరు. కార్డు గీకిన ప్రతిసారీ అతని డబ్బులో కోత పడుతుంది. దాన్నే ఎండీఆర్ అంటారు. 5,000 అమ్మకం మీద 2 శాతం అనుకుంటే 100, దాని జీఎస్టీ 18, అతని ఖాతాకు చేరేది 4,882. అందులో ఎక్కువ వాటా కార్డిచ్చిన బ్యాంకుది, మిగతాది వీసా, మాస్టర్‌కార్డ్ వంటి సంస్థలకు, మిషన్ పెట్టిన బ్యాంకుకు. డెబిట్ కార్డు మీద ఈ కోతకు 2018 నుండి హద్దు ఉంది: ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారమైతే 0.40 శాతం, పైనైతే 0.90 శాతం. రూపే డెబిట్ కార్డుకూ, యూపీఐకీ 2020 నుండి అసలు లేదు. క్రెడిట్ కార్డుకు మాత్రం అలాంటి హద్దు పెట్టలేదు. అందుకే ‘కార్డయితే రెండు శాతం ఎక్స్‌ట్రా’ అంటాడు. అతని మీద కోపం రావడం సహజమే, కానీ ఆ రెండు రూపాయలు అతని జేబులోకి పోవడం లేదని కూడా గుర్తించాలి.

ఎక్స్‌ట్రా అడగని దుకాణాల సంగతి ఇంకా ఆలోచించదగ్గది. వారు ఆ ఖర్చును సరుకు ధరలోనే కలుపుకుంటారు. ధర అందరికీ ఒకటే. కార్డు గీకినవారికి రివార్డు పాయింట్లు వస్తాయి. కూలి డబ్బులు కొంగున ముడి వేసుకొచ్చి నగదు ఇచ్చే మా అమ్మకు ఏమీ రాదు. జీతగాడి పాయింట్లలో ఆమె చిల్లర కూడా కొంత కలిసి ఉందని మేమంటే అతిశయోక్తి అవుతుందా?

2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో మనకు పనికొచ్చేవి ఉన్నాయి. అడగకుండా కార్డు అంటగట్టకూడదు. బాకీ తీర్చి కార్డు రద్దు చేయమంటే ఏడు పనిదినాల్లో చేయాలి, ఆపైన ప్రతి రోజుకూ 500 రూపాయలు మనకే చెల్లించాలి. షరతులు అర్థమయ్యే భాషలో, వీలైతే స్థానిక భాషలో కూడా ఉండాలి. మేము చూసిన కాగితాలన్నీ ఇంగ్లీషులోనే, చీమ తలకాయంత అక్షరాలతో ఉన్నాయి. ఈసారి సంతకం పెట్టమని ఎవరైనా వస్తే తెలుగు కాగితం ఉందా అని అడగండి, వడ్డీ నూటికి ఎన్ని రూపాయలో నోటితో చెప్పించుకోండి.